ఆమెను టర్బో బాయి అన్నవాళ్లకు

ఆమె దినం నాడు నేను అన్నం ముట్టకుండా లేచి వచ్చాను. చావు జరిగిన ఇంట్లో అలా చేయకూడదని నాకూ తెలుసు. పందిట్లో విస్తళ్లు వేస్తున్నారు. ఫోటో ముందు అగరుబత్తి ఇంకా కాలుతోంది. ఆ పక్కనే దగ్గరి చుట్టాలు కొందరు ఒక ఫోను చుట్టూ మూగి నవ్వుతున్నారు. ఫోనులోంచి ఆమె గొంతు వస్తోంది. మాట కాదు, చప్పుడు. అడుగు నుంచి లేచి, సన్నబడుతూ, పోలీసు జీపు సైరన్‌లా పైకి సాగే చప్పుడు. దాని వెనక ఎవడో పెళ్లి బ్యాండు వాయింపు అతికించాడు. ఆ వీడియో పేరు టర్బో బాయి. మా వైపు దాన్ని చూడనివాళ్లు తక్కువ.

ఒకాయన నా వైపు ఫోను తిప్పి, "చూడలేదా అన్నా, మస్తుంటది" అన్నాడు. అందులో అంచున నూనె మరకల చొక్కాతో నిలబడ్డ మనిషి నేనేనని అతనికి తెలియదు. చెప్పాను. ఆమె ఆ చప్పుడు ఎందుకు చేసిందో కూడా చెప్పాను. నా గొంతు కొంచెం పెద్దదే అయింది. అతను ఫోను జేబులో పెట్టుకుని, పోయినవాళ్లను తలచుకుని నవ్వుకుంటే తప్పేముందని అడిగాడు. అక్కడే లేచాను.

ఆ కోపం ఇంకా దిగలేదు. దిగకముందే రాసేయాలని కూర్చున్నాను. దిగితే నేను కూడా అందరిలాగే మంచి మనిషి, కష్టజీవి, దేవుడికి దయ లేదు అని రాసి ఊరుకుంటాను. ఆమె అంత సాఫీ మనిషి కాదు. పోయేముందు నిమ్ము చేసి ఆసుపత్రిలో చేరిన మనిషి, పక్క మంచం ఆయన గురక బాగోలేదు, చూడండని నర్సుతో గొడవ పెట్టుకుందట. తన సంగతి చెప్పలేదట.

నా షెడ్డు నాందేడ్‌లో దెగ్లూర్ నాకా దాటాక ఉంటుంది. డీజిల్ బండ్లు బాగు చేస్తాను. నిజామాబాద్‌లో చదువుకుని, పని నేర్చుకుని, ఈ ఊరి పిల్లను చేసుకుని ఇక్కడే ఉండిపోయాను. నా దగ్గరికి వచ్చే బండ్లు చాలావరకు సరిహద్దు పల్లెలవి. ఆ పల్లెలవాళ్లు బజారులో మరాఠీ మాట్లాడతారు, కొట్లాటకు హిందీ వాడతారు, ఇంట్లో తెలుగు. ఆమె కూడా అంతే. కాకపోతే ఆమెకు ఇంకో భాష ఉండేది. ఏ చప్పుడు విన్నా నోటితో చేసేసేది.

ఎవరి గురించైనా చెప్పాలంటే పొడుగా పొట్టా అని చెప్పేది కాదు. కూరగాయల మార్కెట్లో కమీషను మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి సేటు అంటే గొంతులో కఫం కదిలించినట్టు ఒక చప్పుడు. వాళ్ల వీధి చివరి ముసలామె అంటే చెప్పులు ఈడ్చే చప్పుడు. నా షెడ్డులో గాలి కొట్టే మిషను ఆగేముందు దగ్గినట్టు ఊగుతుంది, అదీ వచ్చు ఆమెకు. ఒకసారి నేను లేనప్పుడు వచ్చి, లేడని చెప్పిన మనిషితో, ‘ఎవరు వచ్చారని అడిగితే ఇట్లా అను’ అని ఏదో చప్పుడు చేసి పోయింది. అతను నాకు చేసి చూపలేక నానా అవస్థ పడ్డాడు. ఇదంతా ఏదో గొప్ప విద్య అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. మిగతావాళ్లు ఎందుకు చేయరో ఆమెకు అర్థమయ్యేది కాదు.

చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా వేసుకునేది. మెల్లగా మాట్లాడడం రాదు. కోపం వస్తే మాత్రం నోరు మూతపడేది. కొంగు తీసి నడుములోకి గట్టిగా దోపుకునేది. అది చూస్తే మార్కెట్లో హమాలీలు కూడా పక్కకు తప్పుకునేవాళ్లు.

ఆమె చెవులు తప్పు చేయవని నేను చెప్పను. మొదటిసారి నా దగ్గరికి వచ్చిందే తప్పుడు చప్పుడుతో. అప్పుడు వాళ్లకు ఒక పాత జీపు ఉండేది. ఇంజనులో ఏదో ఈల వేస్తోందని పట్టుబట్టి, నా చేత సగం ఇంజను విప్పించింది. చివరికి చూస్తే సీటు కింద మూత లేని ఖాళీ సీసా ఒకటి ఇరుక్కుని ఉంది. కిటికీ తెరిస్తే గాలి దాని మూతి మీదుగా పోయి ఊదుతోంది. సీసా తీసి ఆమె చేతికి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, గోడ అవతలికి విసిరేసి, "గట్ల ఒర్రే సీసాలు ఎవడు చేస్తుండో, వాణ్ణి అడగాలె" అంది. తను పొరబడ్డానని ఆ రోజే కాదు, ఎప్పుడూ ఒప్పుకోలేదు.

బండి నడిపేది ఆమె తమ్ముడు సాయిలు. మెడలో తులసి మాల వేసుకున్నవాడు, ఏటా పంఢరీపురానికి నడిచి పోయేవాడు, కల్లు కూడా నోట పెట్టనివాడు. అక్క మాట్లాడుతుంటే అతనికి మాట్లాడే పని పడేది కాదు, అందుకని నవ్వి ఊరుకునేవాడు. భర్త పోయాక ఆమె పుట్టింటికి వచ్చేసి తమ్ముడితో కలిసి కూరగాయల వ్యాపారం పెట్టింది. దెగ్లూర్ అవతలి పల్లెల్లో టమాట, వంకాయ, మిరప కొని పొద్దున్నే నాందేడ్ మార్కెట్‌కు తెచ్చేవాళ్లు. ఆమె కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా బండిని వింటూ వచ్చేది. పాటలు పెట్టనిచ్చేది కాదట. బండి మాట్లాడుతుంటే మధ్యలో పాటలేందని తిట్టేదట.

వ్యాపారం నిలదొక్కుకున్నాక జీపు అమ్మేసి కొత్త పికప్ బండి కొన్నారు. పట్టణంలో ఒక పెద్ద షోరూంలో కొన్నారు. పేరు రాయను. కొన్న మరుసటి ఏడు చలికాలంలో, ఒకరోజు మార్కెట్ ముగించుకుని అక్కాతమ్ముళ్లిద్దరూ నా షెడ్డుకు వచ్చారు. ఆమె దిగీ దిగగానే నా ఎదురుగా నిలబడి, "తమ్మి, దీపావళికి బండి గిట్లుండె" అని పెదవులు బిగించి సన్నటి ఈల ఒకటి వినిపించింది. "ఇప్పుడు గిట్లైంది, ఇను" అంది.

ఈసారి గొంతు అడుగు నుంచి మొదలైంది. బండి ఎత్తు ఎక్కుతున్నట్టు పైకి లేచింది, సైరన్ అయింది, కాలు తీసేశాక కూడా వెంటనే ఆగకుండా కొంత దూరం సన్నగా ఏడుస్తూ పోయింది. షెడ్డులో పనివాళ్లు పగలబడి నవ్వారు. ఆమె వాళ్ల వైపు తిరిగి, "ముందుగాల ఇనుండ్రి. నవ్వుడు ఎప్పుడన్న నవ్వొచ్చు" అంది. నాకు నవ్వు రాలేదు. చేతిలో పానా కింద పెట్టేశాను.

తెలియనివాళ్లకు చెబుతాను. టర్బో అంటే ఇంజనుకు గాలి ఊదే చిన్న మరచక్రం. పొగ బయటికి పోయే గొట్టంలో ఒక చక్రం, గాలి లోపలికి వచ్చే గొట్టంలో ఒక చక్రం, రెండింటినీ కలుపుతూ వేలంత ఇరుసు. పొగ తోపుకు ఒకటి తిరిగితే, రెండోది గాలిని ఇంజనులోకి నెడుతుంది. ఆ ఇరుసు ఇనుము మీద తిరగదు, నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. బరువు లాగేటప్పుడు సన్నటి ఈల రావడం మామూలే. బుస్సుమని వస్తే ఎక్కడో గొట్టం వదులైంది, గాలి పోతోంది, బండి లాగదు, నల్ల పొగ వస్తుంది, బిగిస్తే సరిపోతుంది. కానీ సైరన్‌లా ఏడిస్తే ఇరుసు తన చోట నిలవడం లేదని అర్థం. ఆ తర్వాత చక్రం గోడకు రాసుకుంటుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పడానికి ఎవరి ఇంజనూ అంతదాకా పోకూడదు.

కూరగాయల ఖాళీ పెట్టెల్లో ఇటుకలు నింపి, బరువుతో బండిని లాతూర్ రోడ్డు మీదికి తీసుకుపోయాం. ఎత్తు ఎక్కేటప్పుడు అదే చప్పుడు వచ్చింది. ఆమె నోటితో చేసినదానికీ దీనికీ తేడా లేదు. ఆగినచోట వెనక నీలి పొగ కనిపించింది. బండి ఇంకా కంపెనీ పూచీలో ఉంది, నేను విప్పితే ఆ పూచీ పోతుంది. అందుకని వాళ్ల దగ్గరికే పొమ్మన్నాను. ఇంజను చల్లారాక గాలి గొట్టం తీసి, వేళ్లతో ఇరుసు కదిలించి చూడమని, గొట్టంలో నూనె ఉందేమో చూడమని చెప్పండి, అంతే చాలు అన్నాను.

పోయారు. అక్కడ సర్వీసు మేనేజరు ఒకతను ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్లను చూడడు. బండికి కంప్యూటరు తగిలించి, తప్పేమీ చూపించడం లేదన్నాడు. నిలబెట్టిన బండిని కాసేపు నడిపి చూశాడు. నిలబడ్డ బండికి ఆ చప్పుడు రాదు, బరువుతో రోడ్డు మీద నడపాలని ఆమె అంది. అన్ని టర్బోలూ ఈల వేస్తాయి బాయీ, అన్నాడు. అది ఈల కాదని ఆమె చేసి చూపించింది. అక్కడ కూర్చున్న గిరాకీలు నవ్వారు. మెకానిక్కులు నవ్వారు. మేనేజరు నవ్వు ఆపుకోకుండానే ఒక మాట అన్నాడు: "ఆవాజ్ గాడీత్ నాహీ బాయీ, తుమ్‌చ్యా డోక్యాత్ ఆహే." చప్పుడు బండిలో లేదు, నీ బుర్రలో ఉంది అని. సాయిలు ఆమె చొక్కా చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడట. మళ్లీ పోయింది. మళ్లీ అదే మాట. పూచీ పోతుందని నేను విప్పలేదు, సరుకు ఆగదు కాబట్టి బండి నడుస్తూనే ఉంది.

నేను అతన్ని తెలివి లేనివాడు అనడం లేదు. పని తెలిసినవాడే. సైరన్ చప్పుడంటే ఏమిటో నాకు తెలిసినంత అతనికీ తెలుసు. బరువుతో బండిని రోడ్డెక్కించి వింటే పది నిమిషాల్లో తేలిపోయేది. ఆ పది నిమిషాలు ఇవ్వడానికి ఎదురుగా ఉన్నది అతనికి మనిషిలా కనిపించలేదు. చీర మీద చొక్కా వేసుకుని నోటితో కూతలు పెట్టే పల్లెటూరి ఆడది కనిపించింది. నా కోపం అక్కడ ఉంది.

ఒకరోజు పొద్దున బండి టమాటాలతో వస్తోంది. నర్సీ దాటింది, నాయగావ్ ఇంకా రాలేదు. చప్పుడు మారిందని, ఇనుము ఇనుముకు రాసుకున్నట్టు కర్రుమందని, ఆపరా అని తాను అనేలోపే ఇంజను దానంతట అది పైకి లేచిందని ఆమె ఆసుపత్రిలో నాకు చెప్పింది. సాయిలు కాలు తీసేశాడు. ఇంజను ఇంకా పైకి పోయింది. తాళం తిప్పేశాడు. ఆగలేదు. వెనక రోడ్డు కనపడనంత పొగ.

అలా ఎందుకు జరుగుతుందంటే, టర్బో లోపల అడ్డు తెగి, ఇంజను నూనె గాలితో పాటు ఇంజనులోకే పోతుంది. డీజిల్ ఇంజను ఆ నూనెనే తాగి మండుతుంది. తాళం తిప్పితే డీజిల్ ఆగుతుంది గానీ నూనె ఆగదు. నూనె అయిపోయేదాకానో, ఇంజను పగిలేదాకానో అది అలా అరుస్తూనే ఉంటుంది. పై గేరు వేసి, బ్రేకు మీద నిలబడి, క్లచ్ వదిలి దాని పీక నొక్కేయాలి. ఇక్కడ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను కాబట్టి నాకు తోస్తోంది. ఆ స్టీరింగు ముందు నాకు తోచేదని ఒట్టు పెట్టలేను.

సాయిలు క్లచ్ తొక్కితే ఇంజను ఇంకా పెద్దగా అరిచింది. వదిలితే బండి ముందుకు దూకింది. ఎదురుగా బడి పిల్లల ఆటో. బండిని ఎడమకు కోసి రోడ్డు దించేశాడు. కల్వర్టు గోడకు కొట్టుకుని ఆగింది. అతని భుజం ఎముక విరిగింది, ఆమె నుదురు చీలింది. ఆటోకు ఏమీ కాలేదు. ఇంజను మాత్రం అప్పటికీ అరుస్తూనే ఉండి, ఒక్కసారిగా బిగుసుకుని ఆగిపోయిందట. రోడ్డంతా టమాటాలు. చేరినవాళ్లలో సగంమంది ఏరుకోవడంలో ఉన్నారని ఆమె చెప్పింది. మిగతా సగం డ్రైవరు తాగి ఉన్నాడా అని అడుగుతున్నారు.

ఆ అడిగిన మాటకు ముద్ర వేసింది మేనేజరు. బండిని లాక్కుపోయి షోరూంలో పెడితే, మార్కెట్ వాళ్ల ముందు, ఊరి నుంచి వచ్చినవాళ్ల ముందు, ఇది నడిపినవాడి తప్పు అన్నాడు. తక్కువ గేరులో గుంజి గుంజి ఇంజను పగలగొట్టాడన్నాడు. అంతటితో ఆగితే అదో రకం. ఆ పూట అతని నోరు ఎవరైనా వాసన చూశారా అని కూడా అడిగాడు. ఆ మాట సాయిలు కంటే ముందు ఊరు చేరింది. భుజానికి కట్టుతో ఇంటికి వచ్చిన మనిషి భజనకు పోతే, పక్కన కూర్చునేవాళ్లు జరిగి కూర్చున్నారట. ఆ తర్వాత అతను భజనకు పోలేదు. బండి మాటా ఎత్తలేదు.

బండిని నా షెడ్డుకు తెచ్చారు. ఇద్దరినీ పిలిపించి వాళ్ల ముందే టర్బో విప్పాను. ఇరుసు ఊడే పన్నులా కదులుతోంది. చక్రం రెక్కలు కొరికేసినట్టు ఉన్నాయి, గోడంతా గీరుకుపోయింది, గాలి గొట్టం వంచితే నూనె ధారగా కారింది. సాయిలు చూసి, "గిప్పుడు చూసి ఏం చేద్దామన్నా" అని బయటికి పోయాడు. ఆమె ఏ చప్పుడూ చేయలేదు. ఆ టర్బోను ఒక తువ్వాలలో మూట కట్టి, కొంగు నడుములో దోపుకుని, "నడువు తమ్మి" అంది.

మేం పోయేసరికి షోరూంలో ఒక కుటుంబం కొత్త బండి తీసుకుంటోంది. బానెట్ మీద పూలదండ, కొబ్బరికాయ, ఫోటోలు. ఆమె నేరుగా మేనేజరు అద్దాల బల్ల దగ్గరికి పోయి, మూట విప్పి టర్బోను దాని మీద పెట్టింది. నూనె బల్ల మీద పారింది. బయటి మెకానిక్ చేయి పడింది కాబట్టి ఇక మాకు సంబంధం లేదని అతను నన్ను చూపిస్తూ అన్నాడు. నేను మాట్లాడబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. షోరూం మధ్యకు వచ్చి నిలబడింది. మొదలుపెట్టింది.

దీపావళి నాటి సన్నటి ఈలతో మొదలుపెట్టింది. అది సైరన్ అయింది. అక్కడిదాకా ఎవరో నవ్వుతూ ఫోను తీశారు. ఆమె ఆగలేదు. ఇనుము రాసుకునే చప్పుడు చేసింది. తర్వాత ఇంజను తనంతట తాను లేచిన చప్పుడు. అది నేను కూడా అంతకుముందు విననిది. మెడ నరాలు తేలి, నుదుటి మీద కుట్లు ఎర్రబడి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కూడా పైకి, ఇంకా పైకి తీసుకుపోయింది. కొత్త బండి తీసుకుంటున్న తల్లి తన పిల్లను దగ్గరికి లాక్కుంది. అప్పుడు చప్పుడు ఒక్కసారిగా తెగిపోయింది. ఎవరూ నవ్వలేదు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

మీ ఫోన్లలో ఉన్న వీడియోలో ఆ భాగం లేదు. సైరన్ దగ్గరే కోసేసి బ్యాండు పెట్టారు.

ఆమె ఊపిరి కూడదీసుకుని మేనేజరుతో మరాఠీలో మాట్లాడింది. నా తమ్ముడు తాగలేదు, నలుగురిలో అన్నావు కాబట్టి ఈ నలుగురిలో చెప్పు, అంది. బండి కావాలని అడగలేదు. నష్టం కట్టమని అడగలేదు. అతను ఫోను చూసుకున్నాడు. కాపలావాడు వచ్చి మమ్మల్ని బయటికి పంపాడు.

వీడియో ఆ సాయంత్రానికే తిరగడం మొదలైంది. మార్కెట్లో ఆమెను చూసి ఈలలు వేశారు. ఆమె మాత్రం, సరుకు వేరేవాళ్ల బండిలో తెచ్చి అమ్ముకుని, అటు నుంచి షోరూంకు పోయి గేటు బయట నిలబడి అదే చప్పుడు చేసి వచ్చేది. సాయిలు నా దగ్గరికి వచ్చి అక్కకు చెప్పమని బతిమాలాడు. ఊరంతా నవ్వుతోందని, ఇజ్జత్ పోతోందని ఏడ్చాడు. ఆ మాట ఆమెకు చేరవేస్తే, "ఇజ్జత్ పోయిందని ఎర్కనే గదా తమ్మి, దాన్నే గదా అడుగుతున్న" అంది. అతని మీద కూడా నాకు అప్పుడు కోపం వచ్చింది. అతని పేరు కోసం నిలబడ్డ మనిషిని ఆపమని అతనే అడగడం నేను సహించలేకపోయాను.

చివరికి మేనేజరు వాళ్ల ఊరికి వచ్చాడు. పైవాళ్లు పంపారో, గిరాకీలు గేటు దగ్గర ఆగి అడుగుతున్నారనో నాకు తెలియదు. దారి చూపమని నన్ను తీసుకుపోయాడు. ఆమె కోసమని పోయాను. మిఠాయి డబ్బా చేతిలో పట్టుకుని, ఇంట్లోకి వచ్చి, తలుపు సగం దగ్గరేసి, మంచం మీద సాయిలు పక్కన కూర్చున్నాడు. పొరపాటు జరిగి ఉండవచ్చు, మనసులో పెట్టుకోవద్దు అన్నాడు. ఆ మాట నాకే సరిగ్గా వినపడలేదు, అంత మెల్లగా అన్నాడు. సాయిలు తల ఊపి, చాయ్ పెట్టమని లోపలికి కేక వేశాడు.

ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మరాఠీలో మొదలుపెట్టి, మధ్యలోనే తెలుగులోకి వచ్చేసింది. "తాగిండన్న మాట నలుగురిల అన్నవు. గిప్పుడు తలుపు దగ్గరేసి చెవుల చెప్తున్నవా? బయట అరుగు మీద మా భజనోళ్లు కూసున్నరు. పోయి వాళ్లకు చెప్పు."

అతనికి తెలుగు రాదు. నేను మరాఠీలో చెప్పాను. అక్షరం తగ్గించకుండా చెప్పాను. అతను లేచి, నేను వచ్చిందే ఎక్కువ అని, చాయ్ తాగకుండా కారు దగ్గరికి నడిచాడు. అరుగు మీదివాళ్లు లేచి నమస్కారం పెడితే, వాళ్లకు ప్రతి నమస్కారం పెట్టి కారెక్కాడు. ఆ రెండు ముక్కలు చెప్పడానికి పెద్ద దూరం కూడా పోనక్కర్లేదు. ఆమె వెనకే వచ్చి మిఠాయి డబ్బాను కిటికీలోంచి అతని ఒళ్లో పెట్టి వచ్చింది. అతను ఇప్పుడు వేరే ఊళ్లో ఇంకా పెద్ద ఉద్యోగంలో ఉన్నాడని విన్నాను. అతనికేమీ కాలేదు. ఈ కథలో న్యాయం కోసం చూసేవాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు.

కానీ ఒకటి మిగిలింది. నేను ఇంజను కట్టి, వేరే టర్బో పెట్టి బండిని సిద్ధం చేశాను. తీసుకుపోవడానికి సాయిలు వచ్చాడు గానీ స్టీరింగు ముందు కూర్చోనన్నాడు. డ్రైవరును పెట్టుకుందామన్నాడు. ఆమె, "ఎవడు ఎందుకు? నేనే నేర్చుకుంట" అని తలుపు తీసి ఎక్కేసింది. నా షెడ్డు వెనక ఖాళీ జాగా ఉంది, అందులోకి పొమ్మన్నాను. ఎండ బాగా ఉంది. సాయిలు గోడ నీడలో గొంతుక్కూర్చుని నేల చూస్తున్నాడు.

బండి చప్పుడులో చిన్న తేడా వస్తే సహించని మనిషి ఆ రోజు చేసిన హింస నేను చెప్పలేను. క్లచ్ సగం తొక్కి గేరు వేసేది. గేర్లు కొరుక్కుని గర్రుమనేవి. బండి ఎగిరి ఆగిపోయేది. మళ్లీ తాళం, మళ్లీ గర్రు. క్లచ్ మాడిన వాసన షెడ్డు ముందుకు కూడా వచ్చింది. ఆపుదామని నేను లేచాను. ఆమె కిటికీలోంచి నా వైపు ఒక చూపు చూసింది. కూర్చున్నాను.

ఇంకోసారి గర్రుమంది. సాయిలు ఎడమ కాలు తనకు తెలియకుండానే నేల మీద నొక్కుతోంది.

"క్లచ్ మొత్తం తొక్కక్కా" అన్నాడు, తల ఎత్తకుండా.

"తొక్కుతనే ఉన్న గదరా" అని ఆమె మళ్లీ కొరికించింది.

అతను లేచాడు. కట్టు విప్పి ఎన్నాళ్లో కాలేదు, ఆ భుజం ఇంకా వంకరగానే ఉంది. నడవలేదు, ఉరికాడు. తలుపు గుంజి, "దిగు. దిగంటున్న గదా. ఏం నడుపుతున్నవ్ నువ్వు, బండిని సంపుతున్నవ్. ఎవడు ఎక్కమన్నడు నిన్ను?" అని అరిచాడు. అక్క మీద అతను గొంతు ఎత్తడం నేను ఎన్నడూ చూడలేదు. ముఖం కందిపోయింది. అచ్చం ఆమె ముఖంలాగే ఉంది. ఆమె దిగింది. అతను ఎక్కి, తలుపు ధడాలున వేసి, బండిని ఒక్క ఊపున తిప్పి గేటు దాటించాడు. ఆమెను ఎక్కించుకోవాలని కూడా తోచలేదు.

ఆమె నా పక్కకు వచ్చి బల్ల మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది. "వానికి కోపమొచ్చింది తమ్మి" అంది. అంత మెల్లగా ఆమె మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

బండి రోడ్డు మలుపు తిరిగిపోయింది. నాకు కనపడడం లేదు, ఆటోల రొదలో వినపడడమూ లేదు. ఆమె గ్లాసు చేతిలో పట్టుకుని తల ఒక పక్కకు వంచింది.

"మూడో గేరేసిండు" అంది. కాసేపాగి, "నాలుగు" అంది. అప్పుడు నీళ్లు తాగింది.